గుత్తి సాలీడు ఎవరి సొత్తు?

మావాడికి తొమ్మిదేళ్ళు. ఆ వయసు పిల్లలకి డైనోసార్ల పిచ్చి పడుతుంది, కొన్నాళ్ళకి వదిలిపోతుంది. వీడికి ఎనిమిది కాళ్ళ పిచ్చి పట్టుకుంది, వదలనంటోంది. వాడి పోరు పడలేక ఈ మధ్య ఒక శనివారం పొద్దున్నే డెన్వర్ చుట్టుపక్కల ఒక ఊళ్ళో జరిగిన సంతకి తీసుకెళ్ళాను. మామూలు రోజుల్లో పశువుల ప్రదర్శనలు జరిగే పెద్ద రేకుల షెడ్డు. ఆ రోజు మాత్రం లోపల పాములు, బల్లులు, తేళ్ళు, అన్నిటికన్నా ఎక్కువగా టరాంటులాలు. అంటే అరచేయంత బొచ్చు సాలీళ్ళన్నమాట. మా ఆవిడ "మీరిద్దరూ వెళ్ళండి, వచ్చాక గరాజ్‌లోనే బట్టలు మార్చుకుని లోపలికి రండి" అని ముందే చెప్పేసింది.

ఎవరో వెర్రి జనం ఉంటారనుకుంటూ వెళ్ళాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అంత మర్యాదస్తుల గుంపుని నేను మన ఉగాది సంబరాల్లో కూడా చూడలేదు. (అక్కడ భోజనాల లైను దగ్గర జరిగేది మీకూ తెలుసు.) మెడ మీద సాలెగూడు పచ్చబొట్టు ఉన్న కుర్రాడొకడు మావాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, సాలీడు కుబుసం ఎలా విడుస్తుందో పావుగంట చెప్పాడు. కొనమని ఒక్క మాట అనలేదు. డెబ్బై ఏళ్ళ పెద్దావిడ తన ఇంట్లో చాలా ఏళ్ళుగా ఉన్న ఆడ టరాంటులా ఫోటోలు, మనవాళ్ళు మనవల ఫోటోలు చూపించినట్టు చూపించింది. అందరూ లాటిన్ పేర్లతోనే మాట్లాడుకుంటారు. వేదపండితుల సభలోకి పొరపాటున దూరినట్టనిపించింది నాకు.

నాలుగో వరసలో ఒక బల్ల మీద పెరుగు డబ్బాలంత ప్లాస్టిక్ డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఒక్కోదాంట్లో తడిపిన పీచు, చిన్న బెరడు ముక్క, గోరంత సాలీడు పిల్ల. మూత మీద చీటీ: "గూటీ సఫైర్, 45 డాలర్లు". పక్కన గాజు పెట్టెలో పెద్దది ఒకటి. అలాంటి నీలం నేను ఎప్పుడూ చూడలేదు. కొత్త పట్టుచీర మడత మీద లైటు పడితే మెరుస్తుందే, అదీ. కాళ్ళ మీద పసుపు మచ్చలు, వీపు మీద ముగ్గు వేసినట్టు తెల్లటి గీతలు.

గూటీ అంటే ఏమిటా అని ఒక్క క్షణం ఆలోచించాను. తర్వాత తట్టింది. గుత్తి! అనంతపురం జిల్లా గుత్తి! మా జేజి ఊరికి పోవాలంటే మేం దిగి బస్సు మారే గుత్తి. కోట, రైల్వే జంక్షను, డీజిల్ షెడ్డు, మాడ్చే ఎండ. నా జ్ఞాపకాల్లో ఉన్న గుత్తిలో నీలం రంగు సాలీడు ఎక్కడా లేదు.

"నాది ఆ ఊరి దగ్గరే" అన్నాను గొప్పకి. ఆ అమ్మే ఆయన లేచి నిలబడి చెయ్యి కలిపాడు. కాశీ నుంచి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. "అక్కడ చెట్ల మీద కనిపిస్తాయా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "అక్కడ అడవి ఏమీ మిగల్లేదట కదా. మేం పెంచబట్టి బతికింది గానీ, లేకపోతే ఈ జాతి ఎప్పుడో పోయేది" అన్నాడు. గొప్పలు పోతున్నట్టు కాదు, నిజంగా బాధపడుతూనే అన్నాడు.

ఆ రాత్రి ఫోటో మా కాలేజీ మిత్రుల గుంపులో పెట్టాను. అరగంటలో ముప్పై జవాబులు. సగం మంది "ఛీ, పడుకునే ముందు ఇవేం ఫోటోలురా" అన్నవాళ్ళు. మిగతా సగం "చూశారా, పసుపు అయింది, బాస్మతి అయింది, ఇప్పుడు మన సాలెపురుగుని కూడా ఎత్తుకుపోయారు" అని పళ్ళు కొరికినవాళ్ళు. తమాషా ఏమిటంటే ఈ రెండో సగంలో ముగ్గురు, మొదట ఛీ అన్నవాళ్ళే!

నా పేచీ వీళ్ళందరితోనూ. సంతలో చెయ్యి కలిపిన ఆ మంచాయనతో కూడా.

ముందు కథ చెప్పాలి. 1899లో రెజినాల్డ్ పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఈ సాలీడుని మొదటిసారి వర్ణించి, పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆయన చేతికి వచ్చింది ఒకే ఒక్క నమూనా. అది దొరికింది గుత్తిలో, రైల్వేవాళ్ళ కలప డిపోలో. అడవిలో కాదు, గమనించండి. కొట్టి తెచ్చిన దుంగల మధ్య. అంటే గుత్తి దాని పుట్టిల్లు కాకపోవచ్చు. పుట్టింటి చెట్టుతోపాటు రైలెక్కి వచ్చి, దిగబడిన స్టేషను అయివుండాలి. ఆ తర్వాత వందేళ్ళకి పైగా శాస్త్రజ్ఞుల కంట పడలేదు. 2001లో మళ్ళీ దొరికింది. ఎక్కడ? గుత్తికి ఈశాన్యంగా, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో.

2008లో సంజయ్ మోలూర్, జెన్నిఫర్ డాల్ట్రీ, మంజు సిలివాల్ కలిసి దీని పరిస్థితి అంచనా వేశారు. ఐయూసీఎన్ వాళ్ళ ఎర్ర జాబితాలో అన్నిటికన్నా పై మెట్టు, అంటే ఇంకొక్క అడుగు జారితే అడవిలో ఉండదు అనే మెట్టు మీద పెట్టారు. వాళ్ళు రాసినదాని ప్రకారం దానికి తెలిసిన తావు ఒక్కటే, అది వంద చదరపు కిలోమీటర్ల లోపే. అది కూడా కలపకీ వంటచెరుకుకీ కొట్టికొట్టి బక్కచిక్కిపోయిన అడవి.

ఇది నేలలో కన్నం తవ్వుకునే రకం కాదు. పెద్ద చెట్ల తొర్రల్లో కాపురం. పగలంతా లోపలే ఉంటుంది, రాత్రి బయటికొచ్చి ఎగిరే పురుగుల్ని పట్టుకుంటుంది. పెద్ద చెట్లు తగ్గిపోతే ఉన్న కాస్త తొర్రలోనే నాలుగైదు ఇరుక్కుని ఉంటాయి, మన కుర్రాళ్ళు హెచ్-1 మీద దిగిన కొత్తలో అపార్టుమెంట్లో సర్దుకున్నట్టు. తొర్ర పడాలంటే చెట్టుకి వయసు రావాలి. వనమహోత్సవం రోజున మంత్రిగారు మొక్క నాటి ఫోటో దిగితే తొర్ర పడదు.

ఇక ఆ నీలం సంగతి. అది రంగు కాదట! ఒహాయోలో ఏక్రన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో అచ్చేసిన పరిశోధనలో, టరాంటులాల నీలం ఏ వర్ణద్రవ్యం వల్లా వచ్చింది కాదనీ, వెంట్రుకల్లో ఉండే అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుతుర్ని విరిచి పంపడం వల్ల వచ్చిందనీ చెప్పారు. అలాంటి నీలం టరాంటులాల వంశంలో కనీసం ఎనిమిది సార్లు, వేరువేరుగా పుట్టిందట. మాసిపోని, ఏ పక్కనుంచి చూసినా మారని నీలం రంగు తయారుచెయ్యడానికి ఇందులోంచి ఏమైనా నేర్చుకోవచ్చా అని కూడా చూశారు. నల్లమలలో తొర్రల్లో దాక్కునే పురుగు దగ్గర ఒహాయోలో పాఠం చెప్పించుకుంటున్నారు. మనం ఛీ అంటున్నాం.

సరే, ఇప్పుడు పేచీకి వద్దాం. ముందు సంతవాళ్ళతో.

"మేం పెంచబట్టి బతికింది" అన్న మాటలో నిజం బొత్తిగా లేదనను. ఇది కొత్తగా బజారుకి వచ్చిన రోజుల్లో ఎదిగిన ఆడదానికి ఐదు వందల డాలర్ల దాకా పలికేదట. ఇవాళ పిల్ల 45 డాలర్లకి దొరుకుతోందంటే ఇక్కడే పెంచి, గుడ్లు పెట్టించి, వందలకొద్దీ పిల్లలు చెయ్యబట్టే. ఇక్కడ చవగ్గా దొరికేదాన్ని అడవిలోంచి దొంగిలించి తెచ్చే అవసరం తగ్గుతుంది. ఒప్పుకున్నాను.

కానీ మొట్టమొదటి జంట ఎలా వచ్చింది? 2001లో కదా మళ్ళీ కనపడింది. కొన్నేళ్ళు తిరక్కుండానే యూరప్‌లోనూ, ఇక్కడా పెంపకందార్ల ఇళ్ళల్లో తేలింది. రిజర్వు ఫారెస్టులోంచి అనుమతి లేకుండా పుల్ల కూడా తీసుకుపోకూడదంటారు. ఇది ఏ అనుమతితో దాటింది? ఆ ప్రశ్న ఆ షెడ్డులో ఎవరూ అడగరు. నేనూ ఆ రోజు అడగలేదు, మొహమాటపడ్డాను. చీటీ మీద "ఇక్కడే పుట్టి పెరిగినది" అని రాసి ఉంటుంది. దాని తాతమ్మ సంగతి రాసి ఉండదు. పోస్టులో టరాంటులాలు దొంగతనంగా నడవడం కట్టుకథ ఏమీ కాదు. 2010లో లాస్ ఏంజెలెస్‌లో ఒక జర్మన్ దేశస్థుణ్ణి ప్రాణమున్న టరాంటులాలు వందలకొద్దీ పార్సిళ్ళలో పంపినందుకు పట్టుకున్నారు.

అంతకన్నా పెద్ద పేచీ ఇంకోటుంది. నా వృత్తి భాషలో చెప్తాను. మా దగ్గర ఒక సామెతలాంటిది ఉంది. రిస్టోర్ చేసి చూడని బ్యాకప్, బ్యాకప్ కాదు. టేపులు బీరువా నిండా ఉంటాయి, లేబుళ్ళు అందంగా ఉంటాయి, సర్వర్ పడిపోయిన రోజున తీసి పెడితే ఒక్కటీ చదవదు. ఈ డబ్బాల్లో సాలీళ్ళు అలాంటి టేపులే. ఇవి ఎన్ని జంటల సంతానమో, అన్నాచెల్లెళ్ళని ఎన్ని తరాలు కలిపారో, ఏ చెట్టు తాలూకువో రాసిపెట్టిన పుస్తకం ఆ బల్ల మీద లేదు. రేపు అడవిలో మిగిలినవి పోయాయే అనుకుందాం. ఈ 45 డాలర్ల డబ్బాలు విమానమెక్కించి నంద్యాల దగ్గర మూతలు తీస్తామా? తీస్తే ఏ చెట్టెక్కుతాయి? సర్వరే లేకపోయాక టేపు ఎక్కడ పెడతారండీ?

ఆ సంతలో నేను చూసిన ఏ డబ్బా మీదా, ఈ డబ్బులో ఇంత ఆ అడవికి పోతుంది అని లేదు. గాజు పెట్టెకి వేడి, తేమ, వెలుతురు ఎంతెంత ఉండాలో దశాంశ స్థానాలతో చెప్పగలిగిన మనుషులు. అసలు అడవి గురించి అడిగితే "ఏమీ మిగల్లేదట కదా" అంటారు. అట కదా! సాలీడు మీద వాళ్ళ ప్రేమ నిజమే. కాకపోతే అది చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది.

ఇక మనవాళ్ళు.

"మన సాలెపురుగుని ఎత్తుకుపోయారు" అన్న మిత్రుడికి ఆ రాత్రే ఫోన్ చేశాను. "బావా, అది ఏ చెట్టు మీద ఉంటుందో తెలుసా?" "తెలీదు." "ఏ జిల్లాలో?" "గుత్తిలో అన్నావు కదా." "దానికి తెలుగులో పేరేమిటి?" "నువ్వే చెప్పు." నాకూ తెలీదు. అడవిలో తిరిగేవాళ్ళకి ఏదో పేరు ఉండే ఉంటుంది. మనం వాళ్ళని ఎప్పుడైనా అడిగితే కదా. మనకి దాని గురించి తెలిసిందల్లా, దాన్ని ఎవరో తీసుకుపోయారన్న ఒక్క సంగతి. పోయిందాకా మనది అని తెలియనిది, పోయాక మనది ఎలా అవుతుంది? అమెరికావాడు పేటెంటు తీసుకున్నదాకా పసుపు గురించి మాత్రం మనం ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం? 1997లో ఆ పేటెంటు కొట్టేయించినందుకు సీఎస్ఐఆర్ వాళ్ళకి దణ్ణం పెట్టాలి, నిజమే. కానీ పసుపు మన చేలో ఉంది, వంటింట్లో ఉంది. పేటెంటు పోతే పసుపు మనకే మిగిలింది. ఇక్కడ కోర్టులో గెలిచినా అడవి మిగలదు.

కొంచెం కటువుగా ఉందేమో. కానీ అడగక తప్పదు. సాలెపురుగు శివుడికి గుడి కట్టి ముక్తి పొందిందని నమ్మే జనం మనం. శ్రీకాళహస్తిలో మొదటి "శ్రీ" సాలెపురుగే కదా, తర్వాతే పాము, ఏనుగు. ధూర్జటి దాని మీద కావ్యమే రాశాడు. మన అమ్మలు రాహుకేతు పూజకి ఆ ఊరికి బస్సులు కట్టించుకుని వెళ్తారు. ఇంటికొచ్చి చీపురుతో సాలెగూడు దులుపుతారు, అది వేరే సంగతి, ఇల్లు శుభ్రంగా ఉండాలి. అడవిలో దాని గూడుని దులిపేస్తుంటే మాత్రం ఏ భక్తీ అడ్డం రాదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర చిహ్నాలు ప్రకటించింది. రామచిలుక, కృష్ణజింక, వేపచెట్టు, మల్లెపువ్వు. బాగానే ఉన్నాయి. అన్నీ పక్క రాష్ట్రంలోనూ దొరుకుతాయి. మన ఊరి పేరు ప్రపంచమంతా మోస్తున్న పురుగు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంకో ముచ్చట వినండి. 2019లో జెనీవాలో జరిగిన సైటీస్ సమావేశంలో ఈ పొయిసిలోథీరియా ప్రజాతి మొత్తాన్నీ రెండో అనుబంధంలో చేర్చారు. అంటే కాగితం లేకుండా దేశం దాటకూడదు. చేర్చమని ప్రతిపాదించిన దేశాలు రెండు: శ్రీలంక, అమెరికా. అవును, ఎత్తుకుపోయారని మనం తిట్టే అమెరికాయే. అంతకు ముందు సంవత్సరం, 2018లో, శ్రీలంక రకాలు ఐదిటిని అమెరికా తన సొంత చట్టం కింద కూడా రక్షిత జాబితాలో పెట్టింది. గుత్తిది అందులో లేదు. ఈ సాలీళ్ళని చేర్చమని ప్రతిపాదన పంపిన దేశాల్లో ఇండియా పేరు కూడా లేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఇంకో ఊరికి తీసుకెళ్తాను. సంతకి వెళ్ళొచ్చాక మావాడు ఎక్కడో చదివి పట్టుబట్టాడు, సెప్టెంబరు చివర్లో లా హుంటా వెళ్ళాలని. డెన్వర్ నుంచి ఆగ్నేయంగా మూడు గంటల పైన డ్రైవు. ఆర్కాన్సా నది పక్కన ఏడు వేల జనాభా ఉన్న ఊరు. లా హుంటా అంటే స్పానిష్‌లో జంక్షన్. నిజంగానే పాత శాంటా ఫే రైల్వే జంక్షను. ఎండ, దుమ్ము, ప్లాట్‌ఫారం, పాత ఇటుక భవనాలు. కారు దిగి చూస్తే గుత్తిలో దిగినట్టే ఉంది, కోట ఒక్కటి తక్కువ.

ఈ ఊళ్ళో 2022 నుంచి ఏటా టరాంటులా పండగ చేస్తున్నారు. అక్కడి సాలీడు నీలం కాదు, పట్టు కాదు. గోధుమ రంగు, మామూలు బొచ్చు సాలీడు, చాలా రాష్ట్రాల్లో దొరుకుతుంది. మగది ఏడెనిమిదేళ్ళు కన్నంలోనే పెరిగి, ఒక శరత్కాలంలో బయటికొచ్చి, ఆడదాన్ని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళ గడ్డినేలల మీద నడుస్తుంది. అదే దాని మొదటి ప్రయాణం, ఆఖరి ప్రయాణం కూడా. చలి ముదిరేసరికి పోతుంది. ఆడది ఇరవై ఏళ్ళ పైన బతుకుతుంది. ఈ నడక చూడటానికి జనం వస్తారు.

ఊరేగింపు ఉంది. పాత భయానక సినిమా ఉంది. కాళ్ళ మీద బొచ్చు ఎవరికి ఎక్కువుందో పోటీ ఉంది (నన్నూ నిలబడమన్నారు, మన పరువు ఎందుకని ఊరుకున్నాను). మోటెళ్ళన్నీ నిండిపోయాయి. మేం టిఫిన్ తిన్న చోట వడ్డించే ఆవిడ చెవులకి సాలీడు లోలాకులు. పండగ పేరుతో ఊరు నాలుగు డబ్బులు చేసుకుంటోంది, అందులో సిగ్గేమీ లేదు. నేను కొనుక్కున్నది ఒక చొక్కా, ఒక కాఫీ కప్పు. సాలీడుని చూడాలంటే మాత్రం అదున్న చోటికి మీరే వెళ్ళాలి.

మేం సాయంత్రం ఊరికి దక్షిణాన ఉన్న కొమాంచీ గడ్డిమైదానానికి వెళ్ళాం. ఈ నేల కథ తెలుసుకోవాలి మనం. 1930లలో ఇదంతా దున్ని పారేసిన భూమి. వానల్లేక మట్టి ఆకాశానికి లేచి, దుమ్ము తుపాన్లై, రైతులు నాశనమైపోయారు. ప్రభుత్వం ఆ పాడైన భూమి కొని, గడ్డి వేసి, దశాబ్దాల పాటు ఓపిక పట్టింది. ఇప్పుడది నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు గడ్డిమైదానం. దున్నే నేలలో సాలీడు కన్నం నిలవదు, దున్నని నేల కావాలి. అక్కడ పండగ చెయ్యగలుగుతున్నారంటే కింద ఆ నేల ఉండబట్టి. ముందు నేల మిగిలింది, డెబ్బై, ఎనభై ఏళ్ళ తర్వాత పండగ వచ్చింది.

రోడ్డు దాటుతున్న మగ సాలీడు ఒకటి కనపడింది. ముందు వెళ్తున్న పికప్ ట్రక్కు ఆగింది. దాని వెనక మేం. టోపీ పెట్టుకున్న రైతు ఒకాయన దిగి, చేతులు కట్టుకుని, అది అవతలి గట్టు చేరిందాకా నిలబడి, ఏమీ మాట్లాడకుండా మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. మావాడు ఫోటో తియ్యడం మర్చిపోయాడు.

ఇక్కడ మీలో తెలివైనవాళ్ళు నన్ను ఆపుతారని తెలుసు. అక్కడిది వేలకొద్దీ ఉన్న సాలీడు, మనది అరుదైనది. పండగ చేస్తే దొంగలకి చిరునామా ఇచ్చినట్టు కాదా? సరైన ప్రశ్నే. అరుదైన వాటి తావులు శాస్త్రజ్ఞులు గుట్టుగా ఉంచేది ఇందుకే. లా హుంటాని ఉన్నది ఉన్నట్టు ఎత్తుకెళ్ళి నల్లమలలో పెట్టలేం. చెట్టు చూపించమని నేను అనడం లేదు. పండగ గుత్తిలో చెయ్యండి. కోట కింద చెయ్యండి, రైల్వే మైదానంలో చెయ్యండి. కలప దుంగతో వచ్చి దిగిన ఊరు కదా, అక్కడ ఒక్క సాలీడు కూడా లేకపోయినా ఫర్వాలేదు. స్టేషన్లో ఒక బోర్డు పెట్టండి. బడి పిల్లల చేత బొమ్మలు వేయించండి. గుత్తి జనాభా లా హుంటాకి ఆరేడు రెట్లు. దొంగకి చిరునామా ఎప్పుడో తెలుసు. తెలియంది మనకే.

ఇంకొకటి, దీన్ని కూడా ముందే చెప్పుకోవాలి. అడవి కాపాడటం అనగానే మన ఆఫీసర్లు మొదట చేసేది కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళని ఆపడం. సాలీడు పేరు చెప్పి ఆ పని చేస్తే నేను సాలీడు పక్షాన ఉండను. గ్యాసు బండ కొనే స్తోమత ఉంటే ఎండలో ఆరు మైళ్ళు నడిచి పుల్లలు ఏరుకోవడం ఎవరికీ సరదా కాదు. ఆ అడవిలో ఏ చెట్టుకి ఏ తొర్ర ఉందో తెలిసినవాళ్ళు, ఏ కొత్త మనిషి టార్చిలైటు పట్టుకుని రాత్రిపూట తిరుగుతున్నాడో ముందుగా చూసేవాళ్ళు వాళ్ళే, చెంచులు, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. జీతమివ్వాల్సింది వాళ్ళకి. ఒక కన్సల్టెంటు ఇక్కడ గంటకి తీసుకునే డబ్బుతో అక్కడ ఒక కుటుంబానికి గ్యాసు బండ వస్తుంది, ఇంకా చాలా మిగులుతుంది. ఈ లెక్క నేను నా టైమ్‌షీటు మీదే వేసుకున్నాను, ఎవర్నో ఎత్తిపొడవడానికి కాదు.

మన సంఘాలకి గుళ్ళు కట్టించే ఓపిక ఉంది. సొంతూరి బడికి బెంచీలు కొనిచ్చే మంచితనం ఉంది. రెండేళ్ళకోసారి వేలమంది ఒకచోట చేరి, హీరోయిన్లని పిలిపించి, పెళ్ళి భోజనాలు పెట్టుకునే స్తోమత ఉంది. ఆ హాళ్ళలో చీరల స్టాళ్ళ పక్కన ఒక్క బల్ల వేసి, ఈ నీలం ఫోటో పెట్టి, "ఇది మన నల్లమలది, దీని చెట్టుకి కాపలా కావాలి" అని రాసి పెడితే ఎంత మంది ఆగుతారో చూడాలనుంది నాకు. ఛీ అనేవాళ్ళు కూడా ఆగుతారని నా అనుమానం. ఆ సంతలో నేనూ అలాగే ఆగాను.

మావాడు ఆ రోజు సంతలో గూటీ సఫైర్ కొనిపెట్టమని చాలా ఏడ్చాడు. కొనలేదు. వాడి వయసుకి అది మంచిది కూడా కాదు. మహా వేగంగా పరిగెడుతుంది, కరిస్తే మనుషులు చచ్చిపోరు గానీ కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెడుతుంది. వాడితో ఈ కారణమే చెప్పాను. రెండో కారణం లా హుంటా నుంచి వస్తుంటే, చీకట్లో, వెనక సీట్లోంచి వాడే అడిగాడు. "నానా, మన దాన్ని చూడాలంటే ఎక్కడికెళ్ళాలి?"

డిసెంబరులో ఇండియా వెళ్తున్నాం. గుత్తిలో దిగి జేజి ఊరికి వెళ్ళొచ్చి, తర్వాత నంద్యాల నుంచి గిద్దలూరు వైపు రైలెక్కుతాం. గాజులపల్లె దాటాక అడవి మొదలవుతుంది, దిగువమెట్ట దాకా ఉంటుంది. రైల్లోంచి సాలీడు కనపడదని చెప్పాను, పగలు తొర్రలోంచి బయటికే రాదని కూడా చెప్పాను. అయినా వాడికి కిటికీ పక్క సీటే కావాలట.